సగం పడిన ముద్ర

నాణేల సేకరణ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నా దగ్గర ఉన్నవన్నీ ముద్ర సరిగా పడనివే. వాటి సంగతే చెబుతాను.

పూర్వం నాణేలను సుత్తితో కొట్టి ముద్రించేవారు. కింది అచ్చు దిమ్మలో బిగించి ఉండేది. దానిపై లోహపు బిళ్ల పెట్టి, పై అచ్చు ఆనించి ఒక్క దెబ్బ వేసేవారు. చెయ్యి జరిగితే బొమ్మ పక్కకు పోతుంది. అచ్చు ఎగిరిపడితే రెండు ముద్రలు పడతాయి. ప్రాచీన గ్రీకుల వెండి నాణేలదీ ఇదే కథ. ఏథెన్సు గుడ్లగూబ నాణెం సుమారు 17 గ్రాముల వెండి. అంత పేరున్న నాణెం మీదా దేవత శిరస్త్రాణం తురాయి చాలాసార్లు అంచు దాటిపోయి కనబడదు.

అవి కొనే తాహతు మనకెక్కడిది? నేను పులికాట్ రాగి కాసులతో సరిపెట్టుకున్నాను. సరస్సులో ఎక్కువ భాగం మన తడ, సూళ్ళూరుపేట వైపుది. ఊరు మాత్రం తమిళనాడులో ఉంది. చంద్రగిరిని రాజధాని చేసుకున్న రెండవ వేంకటపతి రాయల అనుమతితో డచ్చివారు 1610లో అక్కడ నిలదొక్కుకున్నారు. 1613లో గెల్డ్రియా కోట కట్టారు. తర్వాత టంకశాల నడిపారు. వారి కంపెనీ గుర్తు మీద పులికాట్‌కు సూచనగా 'పి' అక్షరం వేసేవారు.

నేను మొదట కొన్న కాసు మీద ఆ 'పి' ఉండేది. నల్లగా ఉందని చింతపండు, ఉప్పు వేసి రుద్దాను. కాసు తళతళలాడింది. అసలే అరిగిన అక్షరం కాస్తా పోయింది. మా ఇంటావిడ రాగిచెంబు కంటే బాగా తోమానని మెచ్చుకుంది!

రెండోది అంగడివాడు పనికిరాదని ఊరికే ఇచ్చాడు. అందులో కంపెనీ గుర్తు సగం అంచు దాటిపోయింది. కానీ మొదటిదానిలో నేను పోగొట్టుకున్న అక్షరం, దాని పైనున్న చుక్కల వరుసతో సహా, నిండుగా పడింది. బిళ్ల చిన్నది, అచ్చు పెద్దది. మంచి నాణెంలో నడిమి భాగమే పడుతుంది. అచ్చు అంచు చూడాలంటే ఇలా తప్పిపడినదే కావాలి. ఆఫీసులో రబ్బరు స్టాంపు సగమే పడిన కాగితాలు మనకు కొత్తా? ఒకదానిలో ఊరు పోతే, ఇంకోదానిలో తేదీ పోయేది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువుకునేవాళ్ళం.

మీ ఇళ్ళలో పాత కాసులుంటే వంకరవని పాత రాగి కింద తూకానికి వేయకండి. నా రెండూ తెచ్చాను. టీ తాగుతూ చూడండి. అంచులు పట్టుకోండి చాలు, తుడవకండి.