కొండపల్లి బొమ్మ – పొణికి చెట్టు



సంక్రాంతికి బొమ్మల కొలువు తీర్చు ఆచారము మీరెల్లరు ఎరిగినదే. ఆ మెట్లమీద అంబారి యేనుగు, దశావతారములు, ఎడ్లబండి, తాటిచెట్టెక్కు గీతగాడు, రోకటితో దంచు ఇల్లాలు వరుసగా నిలిచియుండ, మన పల్లెయే చిన్న రూపము దాల్చి యింట వెలసినట్లుండును. ఆ బొమ్మలకు పుట్టినిల్లు కొండపల్లి. విజయవాడకు చేరువనున్న యీ ఊరు పూర్వము కృష్ణా జిల్లాలోనిది. 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలోనిది. ఇచ్చటి ఆర్యక్షత్రియ కుటుంబములవారు తరతరములుగా ఈ పని చేయుచున్నారు. తమ పూర్వులు రాజస్థానమునుండి వచ్చిరని వారు చెప్పుకొందురు.

ఈ బొమ్మను ఒకే మొద్దునుండి తొలువరు. తెల్లపొణికి కఱ్ఱను సన్నని సెగపై కాచి, తడి పోగొట్టుదురు. తల, మొండెము, చేతులు వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అదుకుదురు. ముక్కుతీరును, నగలను, బట్టల మడతలను దిద్దునదియు ఆ మక్కే. పిమ్మట ఆకురాయితో నునుపుచేసి, తెల్లని సున్నపు పూత పూసి, అది ఆరినమీదట మేకవెండ్రుకల కుంచెతో రంగులు వేయుదురు.

ఇంతటి నేర్పు ఏల సన్నగిల్లుచున్నది? పొణికి తేలికైన కఱ్ఱ, మెత్తనిది, ఉలికి చక్కగా లొంగునది. చుట్టుపట్ల కొండలలో ఆ చెట్టును నరికినంతగా నాటినవారు లేరు. అందుచే కఱ్ఱ అరుదయ్యెను, వెల పెరిగెను. అంగడిలోనేమో ప్లాస్టిక్ బొమ్మ చౌకగా దొరకును. దినములతరబడి పనిచేసినను తగిన కూలి గిట్టనిచో, తండ్రి ఉలిని కొడుకు ఏల పట్టును?

కావున పెద్దలారా, చేతి నేర్పు ఇంకను చావలేదు. చేతికి కఱ్ఱయు, బొమ్మకు ఇల్లును కరవగుచున్నవి. ఈ రెండును తీర్చుట మన వశములోనిదే. కొండవాలు భూములుగల గ్రామములవారు నాలుగు పొణికి మొక్కలు నాటి కాపాడుడు. ఆ చెట్టు నిదానముగా ఎదుగును. దాని కఱ్ఱతో చేసిన బొమ్మను మనము చూడకపోవచ్చును. మామిడిటెంక పాతిన తాత, పండ్లు తానే తినవలెనని పాతెనా? ఇక ఏటికొక్క కఱ్ఱబొమ్మయైనను కొని మనుమరాలి కొలువులో నిలుపుడు. ఆ బొమ్మ యెట్లు పుట్టినదో ఆ బిడ్డకు చెప్పుడు. కొనువారున్న పనికి నేర్చువారు తామే వత్తురు.