బోదకాలు - ఒంటిలోని కావలి



కోస్తా పల్లెలలో బోదకాలును చూడనివారు అరుదు. అయినను, ఏటేట ఇంటికి తెచ్చి యిచ్చు మాత్రలను మ్రింగక చూరులో దోపువారును కలరు. ఒక పెద్దాయన నన్నిట్లు అడిగిరి: “డాక్టరు గారూ! నా కాళ్లు రెండును బాగుగనే యున్నవి. మాత్ర వేసికొన్న రాత్రియే జ్వరము తగిలినది. అది మందా, విషమా?”

వారికి చెప్పినదే మీకును మనవి చేసెదను.

1872లో కలకత్తాలో తిమోతి లూయిస్ అను వైద్యుడు మనుష్యుని నెత్తురులో ఈ రోగపు పిల్లపురుగులను కనుగొనెను. మన దేశమున ఇవి పగలు ఊపిరితిత్తులలో దాగి, రాత్రి నెత్తురులో తిరుగును. దోమ వానిని పీల్చి మరియొకరికి చేర్చును. తల్లిపురుగు మూడు నాలుగంగుళముల దారపు పోగువలె రసనాళములలో ఏండ్ల తరబడి బ్రతుకును.

సూక్ష్మక్రిమి వచ్చినచో నెత్తురులోని తెల్లకణము దానిని మ్రింగివేయును. పురుగును మ్రింగుట దానికి శక్యము కాదు. కావున దేహము ప్రతిరక్షకములను పుట్టించి పురుగునకు అంటించును. ఆ గుర్తును పట్టి తెల్లకణములు గుంపుగా మూగును. వానిలో ఇయొసినోఫిల్ అనునది ముఖ్యము. దీనిని 1879లో పాల్ ఎర్లిఖ్ వర్ణించెను. అది తనలోని విషపు రేణువులను పురుగుపై క్రుమ్మరించును. చీమలబారు పామును చుట్టుముట్టినట్లే యనుకొనుడు.

అయితే పురుగు గడుసుది. కావలివానికి మత్తుపెట్టు దొంగవలె దేహపు పౌరుషమును చల్లార్చును. అందుచేతనే నెత్తురునిండ పిల్లపురుగులున్నను కొందరికి ఏ బాధయు తోచదు.

ఇక మాత్ర సంగతి. డైయీథైల్ కార్బమజైన్ అను ఈ మందును గాజుగొట్టములోని పిల్లపురుగులపై వేసినచో అవి అంతగా చలింపవు. దేహములోనో, కొలది గంటలలోనే చాలవరకు మాయమగును. అనగా మందును ఒంటి కావలియు కలిసి పనిచేయుచున్నవన్నమాట. చచ్చిన పురుగుల ముక్కలపై కావలి విరుచుకొనిపడు సందడియే ఆ జ్వరము, ఆ తలనొప్పి. సాధారణముగా ఒకటి రెండు దినములలో తగ్గును. తగ్గనిచో వైద్యునికి చూపుడు.

తల్లిపురుగులన్నియు ఒక్కసారికి చావవు. కనుకనే 2004 నుండి మన దేశమున ఈ మందును ఊరూర ఏటేట పంచుట మొదలిడిరి. రెండేండ్లలోపు బిడ్డలకును, గర్భిణులకును, తీవ్రరోగులకును ఇయ్యరాదు. తక్కినవారు భోజనానంతరము వేసికొనవలెను.

అంతయు విని ఆ పెద్దాయన, “అయితే నా నెత్తురునుండియే దోమ నా మనుమనికి రోగము మోయుచున్నదా?” అనిరి.

“మోయవచ్చును” అంటిని.

మరుసటి యేడు మాత్రలు వచ్చిన దినమున, తన అరుగుమీద అందరికంటె ముందు మ్రింగినవారు వారే.