పటాలం వదిలిన మనిషి

మన ఇబ్రహీంపట్నంలో ఎన్‌ఎస్‌జీ కమాండోల కేంద్రం ఉందని మీకు తెలుసు. ఆ దారిన వెళ్లే కుర్రాళ్లు నన్నో మాట అడిగారు: యుద్ధం మధ్యలో సైనికుడు పారిపోతే కాల్చేస్తారా?

1950 నాటి సైనిక చట్టం 38వ సెక్షన్ ప్రకారం యుద్ధ విధుల్లో ఉండి పారిపోతే మరణశిక్ష దాకా వేయవచ్చు. మామూలు రోజుల్లోనైతే గరిష్ఠంగా ఏడేళ్ల జైలు. సెలవు ముగిసినా రాకపోవడం వేరే నేరం, దానికి మూడేళ్లు మించవు. తేడా అంతా మనసులో ఉంది: తిరిగి రాకూడదనుకున్నాడా, లేదా? ముప్పై రోజులు కనబడకపోతే విచారణ కోర్టు కూర్చుంటుంది. అయినా తీర్పు చెప్పేది కోర్టు మార్షలే.

పారిపోయినవాడికి తెలిసి ఆశ్రయమిస్తే రెండేళ్ల వరకు జైలు. కానీ దాచింది భార్య అయితే పాత శిక్షాస్మృతి వదిలేసింది. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన న్యాయ సంహిత ఆ మినహాయింపును భర్తకూ ఇచ్చింది. కన్నతల్లికి మాత్రం లేదు! ఇది నాకు మింగుడుపడదు.

ఇక కాల్చేస్తారా అన్న ప్రశ్నకు వస్తే, మొదటి ప్రపంచ యుద్ధంలో పారిపోవడం, పిరికితనం వంటి నేరాలకు బ్రిటన్ మూడు వందలకు పైగా సొంత సైనికుల్ని కాల్చింది. వారిలో గుండ్ల మోతకు మతి చెదిరినవారూ ఉన్నారు. 2006లో బ్రిటన్ ఆ సైనికులకు క్షమాభిక్ష ఇచ్చింది. అందుకే ముందు వైద్యుడు చూడాలి, తర్వాతే కోర్టు మార్షల్ అంటాను.