ధ్వనికి లెక్క వ్రాయు వృత్తి
(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగ పాఠము)



బడిలో పిల్లలను చేర్చుకొను దినములలో ఒక తండ్రిగారు నన్ను కలిసి యిట్లడిగిరి: "మావాడు పొద్దస్తమానం ఫోనులో పాటలు ముక్కలు చేసి అతికిస్తా ఉంటాడు సార్. ఇది కూడు పెడుతుందా? పెట్టినా, తెలుగు బడిలో చదివినోనికి ఆ పని ఇస్తారా?" మొదటి ప్రశ్న ఆయన కుమారునిది. రెండవది మన అందరిది. పిల్లలను ఈ బడి మాన్పించి ఇంగ్లీషు బడికి పంపవలెనా యని సందేహించు ప్రతి ఇంటిలోను ఆ ప్రశ్న కలదు. కావున సమాధానము సభాముఖమున చెప్పుచున్నాను.

ఆ వృత్తికి ఆడియో ప్రోగ్రామింగ్ అని పేరు. కంప్యూటరునకు పాట తెలియదు, మాట తెలియదు. అంకెలు మాత్రమే తెలియును. మైకునుండి వచ్చు ధ్వనిని అది సెకనునకు వేలసార్లు కొలిచి అంకెలుగా వ్రాసికొనును. సి.డి.లో ఈ కొలతలు సెకనునకు 44,100. పాత టెలిఫోను పద్ధతిలో 8,000 మాత్రమే. కొలతలలో సగమునకు మించిన కంపనములు అందులో నిలువవు. స, ఫ వంటి అక్షరముల బుసధ్వని చాలవరకు 4,000 కంపనములకు పైనే యుండును. ఫోనులో పేరు చెప్పునపుడు ఒకటికి రెండుసార్లు అరువవలసి వచ్చుటకు అదియొక కారణము.

ఈ అంకెలను మార్చు ఆజ్ఞలు వ్రాయుటయే ఆ పని. ప్రతి అంకెను సగము చేసినచో ధ్వని తగ్గును. ప్రతి అంకెకు 22,050 స్థానములకు ముందున్న అంకెలో సగము కూడినచో, సి.డి. లెక్కన అర సెకను తరువాత గుడి మంటపములో వలె మారుమ్రోగును. ఏడవ తరగతి గణితము వచ్చిన బాలునకు ఇది అందని విద్య కాదు. పదవ తరగతిలో పిల్లలు "ఇవి ఎందుకు సార్?" అని విసుగుకొను సైను, కొసైనులే ధ్వని తరంగముల రూపములు. మృదంగము నడుమ అద్దిన నల్లని ముద్దవలన దాని నాదము శ్రుతిబద్ధమగుచున్నదని 1920లో లోకమునకు చెప్పిన సి. వి. రామన్‌గారు బాల్యమున విశాఖపట్టణములో చదివినవారే. చెవియు గణితమును పగవారు కావు.

కష్టమంతయు కాలములో నున్నది. సెకనునకు 48,000 అంకెలు వచ్చుచుండ, 256 అంకెలను ఒక కట్టగా తీసికొన్నచో ఆ కట్టకు దొరకు వ్యవధి సెకనులో రమారమి రెండువందలవ వంతు. కాలువ నీటి వంతు తెలిసిన మీకు ఇది విప్పి చెప్పనక్కరలేదు. వంతు వచ్చినపుడు మడవ తీయని రైతు పొలము ఎండును. ఇచ్చట పాట నడుమ టప్పుమని చప్పుడు వినబడును. లెక్క సరియైనను ఆలస్యమైనచో తప్పే. అందుచేతనే ఈ పనివారు వేగమునకు పేరుపడిన సి ప్లస్ ప్లస్ అను భాషను ఎక్కువగా వాడుదురు.

ఇక రెండవ ప్రశ్న. ఆచార్య బయ్య యజ్ఞనారాయణగారు 1961లో ఆంధ్ర విశ్వవిద్యాలయమున బి.యస్‌సి. పట్టము పొంది, పిదప మన బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చదివి, 1974లో డాక్టరేటు పొందిరి. 1980 నుండి మద్రాసు ఐ.ఐ.టి.లోను, తరువాత హైదరాబాదు ట్రిపుల్ ఐ.టి.లోను మానవుని వాక్కును కంప్యూటరుచే పరిశోధింపజేసిరి. మాటాడునపుడు కంఠములోని స్వరతంత్రులు మూసికొను క్షణములను ధ్వనినుండియే గుర్తించు పద్ధతిని 2008లో శిష్యునితో కలిసి ప్రకటించిరి.

తెలుగు చదువు ఈ పనికి అడ్డు కాదు. ఒక్కొక్కచోట అదియే పెట్టుబడి. 'చల్లని' అనునపుడు, 'చక్రము' అనునపుడు మీ నాలుక 'చ'ను ఒకే రీతిగా పలుకదు. వ్రాతలో అక్షరము ఒక్కటే. తెలుగును బిగ్గరగా చదువు యంత్రమునకు ఆ భేదము నేర్పవలసినవాడు, దానిని తల్లియొద్ద విన్నవాడు. మన పిల్లలకు కన్నడపు పలుకుబడి కూడ చెవిలో నున్నది.

అయినను మిమ్ములను మభ్యపెట్టను. ఈ విద్యకు సంబంధించిన గ్రంథములు చాలవరకు ఇంగ్లీషులోనే యున్నవి. చదివి గ్రహించునంత ఇంగ్లీషు తప్పదు. సాధారణ సాఫ్టువేరు ఉద్యోగములతో పోల్చిన ఇవి కొలది. సినిమా సంగీత పరికరములు, వీడియో ఆటలు, ఫోనులు, చెవిటివారి వినికిడి యంత్రములు చేయు సంస్థలలో ఇవి యుండును. తలుపు తట్టగనే తెరువబడదు. పట్టభద్రుడై ముందు ఏ సాఫ్టువేరు ఉద్యోగము వచ్చినను చేరి, సాయంకాలములు ధ్వనిపై పనిచేయుట మేలని నా అభిప్రాయము. తాను స్వయముగా చేసి ముగించిన చిన్న పరికరమొకటి, మారుమ్రోత పుట్టించునదైనను సరే, చూపగలిగినవాని మాటకు విలువ హెచ్చు. సగము వ్రాసిన పది పనులు ఎవరును చూడరు.

వేల రూపాయలు గుంజు శిక్షణ తరగతులకు తొందరపడి పొలము తాకట్టు పెట్టవలదు. ఆడాసిటీ, ప్యూర్ డేటా అనునవి ఉచితముగా లభించును. పాత కంప్యూటరును చెవికి తగిలించుకొను ఫోనులును చాలును. వచ్చు నెలనుండి ప్రతి శనివారము మధ్యాహ్నము మన బడి కంప్యూటరును ఎనిమిది మొదలు పది తరగతుల పిల్లలకు ఇందుకై విడిచిపెట్టెదము. బాలికలను పంపువారికి చీకటి పడకముందే ఇల్లు చేర్చు ఏర్పాటు చేయబడును. పేర్లు గణితోపాధ్యాయునియొద్ద వ్రాయింపుడు.