నేను అడగని ప్రశ్న
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

బొల్లా శ్రీకాంత్ గారు మీకు తెలిసే ఉంటారు. 1991లో మన బందరు దగ్గర సీతారామపురంలో పుట్టారు. పుట్టుకతోనే చూపు లేదు. పదో తరగతి అయ్యాక సైన్సు చదవడానికి కోర్టుకెక్కాల్సి వచ్చింది. ఇంటర్లో 98 శాతం తెచ్చుకుని, అమెరికాలో ఎంఐటీలో చదివి, 2012లో హైదరాబాదులో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టారు. అక్కడ వికలాంగులకు ఉద్యోగాలిచ్చారు. 2024లో ఆయన కథతో హిందీ సినిమా వస్తే మనవాడని చప్పట్లు కొట్టాం.

అందరూ కంపెనీలు పెట్టలేరు కదా. ఎం.టెక్. చదివి మనల్నే ఉద్యోగం అడిగేవాళ్ల మాటేమిటి?

అలాంటి కుర్రాడొకడు పన్నెండేళ్ల కిందట ఇంటర్వ్యూలో నా ఎదుట కూర్చున్నాడు. చూపు లేదు. "ఆఫీసుకి ఎలా వస్తావు బాబూ? మెట్లు ఎలా ఎక్కుతావు?" అరగంట ఇదే అడిగాను. డేటాబేసుల మీద ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. చివరికి అతనే, "సార్, నేను రాసిన ప్రోగ్రాం చూపించమంటారా?" అన్నాడు. చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకున్నాడు. తెర మీది అక్షరాల్ని స్క్రీన్ రీడర్ చదివే వేగానికి నాకు ఒక్క ముక్కా అందలేదు. అతని వేళ్లు మాత్రం ఆగలేదు.

తీసుకున్నాను. పెద్ద మేలు చేశాననుకున్నాను కూడా. టెస్టింగులో కూర్చోబెట్టి, కష్టపెట్టకూడదని అక్కడే ఉంచేశాను. అతని వెనక చేరినవాళ్లు టీమ్ లీడర్లయ్యారు. రాజీనామా ఇచ్చిన రోజు ఎందుకని అడిగితే, "నాలుగేళ్లలో ఒక్క కొత్త మాడ్యూల్ కూడా రాయనివ్వలేదు సార్" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది.

2016 చట్టం గుర్తించిన వైకల్యాలను 7 నుంచి 21కి పెంచింది, ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతం కేటాయించింది. మంచిదే. లోపలికొచ్చాక ఏ పని ఇవ్వాలో తేల్చేది నాలాంటి మేనేజర్లు.

ఇంకో సంగతి. మా సెలవుల దరఖాస్తు పేజీలో బటన్లకు బొమ్మలే తప్ప పేర్లు లేవు. స్క్రీన్ రీడర్ "బటన్, బటన్" అనేది. సెలవు పెట్టాలంటే పక్కవాణ్ని పిలవాలి. అతను వెళ్లాక ఒక జూనియర్ దాన్ని ఒక్క మధ్యాహ్నంలో సరిచేసింది. ఇక్కడున్న సాఫ్ట్‌వేర్ వాళ్లు సోమవారం మీ పేజీలు ఓసారి చూసుకోండి.

హెడ్మాస్టారి అనుమతితో నిన్న మన బడి కంప్యూటర్లలో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వేశాను. అది ఉచితమే. సభ అయ్యాక వచ్చి, కళ్లు మూసుకుని ఒక్క ఉత్తరం టైపు చేసి చూడండి. టీలు కూడా అక్కడే పెట్టించాను.