మూడో గిటారు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ముప్పై ఏళ్ళుగా వంతెనల డిజైన్లు చేస్తున్నాను కాబట్టి వాటి గురించి పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వంతెనల గురించి చెబితే మీలో సగం మందికి నిద్ర పడుతుంది. అందుకని ఆరేళ్ళుగా ఆదివారాలు నేను చేసుకుంటున్న ఇంకో పని గురించి చెబుతాను. నేను గిటార్లు తయారు చేస్తాను. ఇప్పటికి మూడు చేశాను. మొదటిది పలకలేదు. రెండోది పగిలింది. మూడోది ఇదిగో, ఈ పెట్టెలో ఉంది. నాకు వాయించడం అంతంతమాత్రమే. నా మాటలు అయ్యాక మన తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు వాయిస్తుంది.

ఇదంతా ఎలా మొదలైందో చెబుతాను. మా ఇంట్లో ఒక పాత గిటారు ఉండేది. ఒకరోజు దాని బ్రిడ్జి, అంటే తీగలు కట్టే కర్రముక్క, ఊడి వచ్చేసింది. అతికిద్దామని గుండ్రటి రంధ్రంలోంచి టార్చి వేసి లోపలికి చూశాను. చూసి ఆశ్చర్యపోయాను. నైలాన్ తీగల గిటారులో ఆరు తీగలూ కలిసి దాదాపు 40 కిలోల బలంతో లాగుతాయి. సిమెంటు బస్తా కంటే పది కిలోలు తక్కువ. ఉక్కు తీగలైతే 70 కిలోలు దాటుతుంది. ఆ బరువును రాత్రీ పగలూ మోస్తున్నది రెండున్నర మిల్లీమీటర్ల మందం ఉన్న పలక! దాని కింద తాటాకు విసనకర్ర ఈనెల్లా పరిచిన సన్నటి పుల్లలు. నా ఆఫీసులో ఎవరైనా ఇలాంటి డిజైను తెచ్చి ఉంటే సంతకం పెట్టకుండా వెనక్కి పంపేవాణ్ణి.

ఆ విసనకర్ర అమరికకు పద్ధతి తెచ్చినవాడు స్పెయిన్ దేశంలో అల్మేరియా దగ్గర 1817లో పుట్టిన ఆంటోనియో దె టోరెస్. మొదట నేర్చింది వడ్రంగం. ఈనాటి క్లాసికల్ గిటారు ఆకారం, పరిమాణం చాలావరకు ఆయన పెట్టిన భిక్షే. గిటారుకు శబ్దం ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు ఆయన 1862లో ఒక ప్రయోగం చేశాడు. వెనకభాగం, పక్కలు గుజ్జు కాగితంతో చేసి, పైపలక మాత్రం మంచి స్ప్రూస్ కర్రతో వేశాడు. శబ్దానికి ప్రాణం పైపలకేనని చూపించడం ఆయన ఉద్దేశం. ఆ కాగితపు గిటారు బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఇప్పటికీ ఉంది.

ఇది చదివాక నేనూ ఒకటి చేయగలననిపించింది. ఇంజనీర్లకు ఆ జబ్బు ఉంటుంది.

మొదటి గిటారు పూర్తిగా లెక్కల ప్రకారం చేశాను. మెట్ల లెక్క నాకు భలే నచ్చింది. మన వీణకు 24 మెట్లూ మైనం మీద కూర్చోబెడతారు. శ్రుతి తప్పితే మైనం కరిగించి మళ్ళీ సర్దుకోవచ్చు. గిటారు మెట్లు రంపంతో గాడి కోసి సుత్తితో దిగ్గొట్టేవి, ఒకసారి కొడితే కొట్టినట్టే. అందుకే లెక్క ముందే తేలాలి. తీగ పొడవు 650 మిల్లీమీటర్లు అనుకోండి. దాన్ని 17.817తో భాగిస్తే 36.48 వస్తుంది. మొదటి మెట్టు అక్కడ. మిగిలిన పొడవును మళ్ళీ అదే సంఖ్యతో భాగిస్తే రెండో మెట్టు. ఇలా పోతే పన్నెండో మెట్టు సరిగ్గా సగంలో, 325 దగ్గర పడుతుంది. అక్కడ నొక్కితే పై షడ్జమం. పిల్లలూ, మీరు లెక్కల క్లాసులో చదివే గుణశ్రేఢి ఇదే. ఎందుకు చదువుతున్నామా అనుకుంటున్నారేమో, ఇందుకు కూడా.

తరువాత పైపలక. నలభై కిలోల లాగుడు గుర్తొచ్చి నాకు ధైర్యం చాలలేదు. వంతెనలకు భద్రతా గుణకం అని వేసుకుంటాం. రావలసిన బరువు కంటే ఎక్కువే తట్టుకునేలా కడతాం. ఆ అలవాటుతో పలకను నాలుగు మిల్లీమీటర్లు ఉంచాను. పుల్లలు కూడా లావుగా వేశాను. చూడటానికి ముచ్చటగా ఉంది. తీగలు కట్టి మీటితే బల్ల మీద వేలితో కొట్టినట్టు ఒక్క 'టక్'. అంతే, ఆగిపోయింది.

ఆ సంక్రాంతికి దాన్ని ఊరికి తెచ్చాను. ఇక్కడ నాతో తొమ్మిదో తరగతి దాకా చదివిన ఒక మిత్రుడి గురించి చెప్పాలి. పేరు చెప్పొద్దన్నాడు కాబట్టి చెప్పను. వాళ్ళ నాన్నగారు వడ్రంగి. మన రోజుల్లో వారానికి రెండు క్రాఫ్టు పీరియడ్లు ఉండేవి, గుర్తుందా? ఆఫీసు వెనక రేకుల షెడ్డు, నాలుగు పని బల్లలు. అక్కడ నేను చేసిన పీట నాలుగు కాళ్ళూ ఎప్పుడూ ఒకేసారి నేలకు ఆనలేదు. వాడు మాత్రం మేకు లేకుండా కూసాలు దింపి పీట చేశాడు. మాస్టారు ఏడాదంతా దాని మీదే కూర్చున్నారు. లెక్కల్లో నేను ఫస్టు, వాడు ఫెయిలు. తొమ్మిది తప్పి బడి మానేసి నాన్నతో పనిలోకి వెళ్ళిపోయాడు. నేను ఇంజనీరింగుకి వెళ్ళాను.

వాడు నా గిటారు చేతిలోకి తీసుకుని, వేలి కణుపుతో తట్టి, "ఒరేయ్, ఇది గిటారా, గుమ్మమా?" అన్నాడు. వాడు అంతకుముందు గిటారు ముట్టుకున్నది లేదు. కానీ తట్టగానే తెలిసిపోయింది. సంతలో కుండ కొనేటప్పుడు మన అమ్మలు తట్టి చూసేవారే, అలాగ. తరువాత లెక్క వేసి చూసుకున్నాను. పలక బిర్రు మందం ఘనంతో పెరుగుతుంది. నాలుగును రెండున్నరతో భాగించి ఘనం చేస్తే నాలుగు రెట్లు పైనే. నాలుగు రెట్లు బిర్రుగా ఉన్న పలకను ఆ తీగలు కదిలించలేవు. ఆ లెక్క కట్టే విద్య నాకు ముందే ఉంది. తట్టి చూడాలన్న బుద్ధే లేదు.

రెండోసారి పంతం పట్టి పైపలక బాగా పలచగా, 1.8 దాకా తీశాను. ఇప్పుడు బిర్రు మూడో వంతుకు కాస్త పైన. శబ్దం వచ్చింది! ఇంటిల్లిపాదీ సంతోషించాం. నెల తిరిగేసరికి బ్రిడ్జి వెనక పలక ఉబ్బి, ముందు గుంట పడింది. అది చాలదన్నట్టు ఏప్రిల్‌లో ఒక రాత్రి 'ఫట్' మని చప్పుడు. వెనక పలక నిలువునా చీలింది. కారణం నేనే. దాన్ని ఆగస్టులో, హైదరాబాదు గాలిలో తేమ 80 శాతం ఉన్నప్పుడు అతికించాను. ఎండాకాలం మధ్యాహ్నాల్లో అది 30కి కూడా దిగుతుంది. కర్ర ఆరినప్పుడు పొడవునా దాదాపు ముడుచుకోదు, అడ్డంగా ముడుచుకుంటుంది. పలకకు అడ్డంగా అతికించిన పుల్లలు దాన్ని ముడుచుకోనివ్వవు. ఆ పెనుగులాటలో చివరికి పలకే చీలుతుంది. గిటార్లు కట్టేవాళ్ళు అతికించే గదిలో తేమను 45-50 శాతం దగ్గర ఉంచుకునేది ఇందుకే. ఈసారి మిత్రుడికి ఫోన్ చేశాను. వాడు నవ్వలేదు. "తలుపు చెక్క కూడా అంతేరా. అందుకే గాడిలో వదులుగా వదిలేస్తాం గానీ జిగురు పెట్టం" అన్నాడు. యాభై ఏళ్ళుగా మన ఇళ్ళ తలుపులు తీస్తూ వేస్తూ ఉన్నాను, ఈ సంగతి ఎన్నడూ గమనించలేదు.

మూడో గిటారుకు సెలవు పెట్టి వచ్చి, వాడి షెడ్డులో కూర్చున్నాను. ముందు పదిరోజులు సాన మీద ఉలులు, చిత్రిక బ్లేడు నూరడమే పని. ముంజేతి మీది వెంట్రుకలు దిగితే తప్ప వాడు ఒప్పుకోలేదు. అంతవరకూ నా చిత్రిక కర్రను పీకేది. నూరాక ఉల్లిపొరలాంటి తెరలు లేచాయి. కర్ర ఈనె ఎటు వాలి ఉందో చూసి అటే పట్టాలని అప్పుడే అర్థమైంది.

పక్కలకు, వెనక్కి రోజ్‌వుడ్ వాడాను. మన దగ్గర ఇరుగుడు అంటారు. గిటార్ల ప్రపంచంలో ఒకప్పుడు బ్రెజిల్ రోజ్‌వుడ్‌కే పేరు. అక్కడి దుంగలు దొరకడం కష్టమయ్యాక, 1969లో అమెరికాలోని మార్టిన్ కంపెనీ దక్షిణ భారతపు రోజ్‌వుడ్‌కు మారింది. బ్రెజిల్ చెట్టు అంతరించిపోతోందని 1992లో దాని అంతర్జాతీయ వ్యాపారాన్నే నిషేధించారు. ఇవాళ ప్రపంచం నలుమూలలా మోగుతున్న ఎన్నో గిటార్ల వెన్ను మన దక్షిణాది అడవులదే.

రెండు మిల్లీమీటర్ల రోజ్‌వుడ్ బద్దను తడిపి, కాలిన ఇనుప గొట్టం మీద ఆనించి వంచాలి. గొట్టం మీద నీటిబొట్టు వేస్తే చిందులేస్తూ ఆవిరైపోవాలి, అదీ వేడికి కొలత. తొందరపడితే పుటుక్కున విరుగుతుంది. నేను రెండు విరిచాను. మూడోది మిత్రుడు నా చేతుల మీద చేతులు వేసి పట్టుకున్నాడు. కాసేపటికి కర్రలోని బిగువు ఒక్కసారి సడలింది. "ఇప్పుడు" అన్నాడు. వంగింది.

పైపలకను 2.8 దగ్గర మొదలుపెట్టి కొంచెం కొంచెంగా తీశాం. తీయడం, రెండు చేతులతో వంచి చూడటం, తట్టి వినడం. 2.4 దగ్గర వాడు చిత్రిక నా చేతిలోంచి తీసేసుకుని పక్కన పెట్టాడు. ఇంకా తీయొచ్చేమో అన్నాను. "తీయొచ్చు. మళ్ళీ పెట్టలేవు" అన్నాడు. నా వృత్తిలో విరగకపోతే చాలు, పని నెగ్గినట్టే. ఇక్కడ విరగకపోవడం సగమే. విరిగే అంచుకు ఎంత దగ్గరగా వెళ్ళి ఆగగలిగామో దాన్నిబట్టి శబ్దం ఉంటుంది. ఆ ఆగే చోటు ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు.

ఇక మెరుగు. దట్టంగా వార్నిష్ కొడితే పలక బరువెక్కి మూగబోతుంది. అందుకే క్లాసికల్ గిటార్లకు లక్క పాలిష్ శ్రేష్ఠమంటారు. దీన్ని ప్రపంచమంతా ఫ్రెంచి పాలిష్ అంటుంది గానీ, లక్క మనది. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు పెట్టే గూడు అది. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో ఇవాళ్టికీ సేకరిస్తారు. మన ఏటికొప్పాక బొమ్మల మెరుపూ లక్కదే. లక్క రేకులను స్పిరిట్‌లో పలచగా కరిగించి, దూదిని నూలుగుడ్డలో మూట కట్టి, ఒక చుక్క నూనెతో గుండ్రంగా రుద్దుతూ పోవాలి. రోజ్‌వుడ్ రంధ్రాలను ముందుగా మెత్తటి ప్యూమిస్ పొడితో పూడ్చాలి. చేయి ఒక్క క్షణం ఆగినా మూట అతుక్కుని మచ్చ పడుతుంది. వాన పడుతుంటే తెల్లగా పొగచూరినట్టు అవుతుంది. ఆ రోజు మానేయాలి. ఇలా నాలుగు వారాలు. అంతా అయ్యాక ఆ పొర మందం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు.

తీగలు కట్టిన సాయంత్రం షెడ్డులో మేమిద్దరమే ఉన్నాం. ఒక్క తీగ మీటాను. శబ్దం వచ్చి, నిలబడి, మెల్లగా తగ్గింది. వాడు అది పూర్తిగా ఆగేదాకా విని, "బాగానే ఉంది" అని, లేచి బల్ల ఊడ్చుకున్నాడు.

ఇప్పుడు సంఘానికి రెండు విన్నపాలు. మొదటిది, స్వర్ణోత్సవ నిధితో ముఖద్వారం దగ్గర ఆర్చి కట్టాలని ప్రతిపాదన ఉంది. డిజైను నన్నే అడిగారు, ఉచితంగా చేస్తానన్నాను. ఇవాళ పొద్దున ఆఫీసు వెనక్కి వెళ్ళి చూశాను. క్రాఫ్టు షెడ్డులో విరిగిన బెంచీలు, పాత జవాబు పత్రాలు ఉన్నాయి. పని బల్లలు మాత్రం గట్టిగానే ఉన్నాయి. ఆర్చి ఆగినా ఫర్వాలేదు, ముందు ఆ షెడ్డు తెరుద్దాం. పరికరాల ఖర్చులో సగం నాది.

రెండోది, మన సభ్యత్వ పత్రంలో 'పదో తరగతి ఉత్తీర్ణులైన సంవత్సరం' అని ఒక గడి ఉంది. అది నింపలేక నా మిత్రుడు ఇన్నేళ్ళలో ఒక్క సమావేశానికీ రాలేదు. వాడిలాంటివాళ్ళు మన ప్రతి తరగతిలోనూ ఉన్నారు. ఈ గేటు లోపల కూర్చుని చదువుకున్న ప్రతివాడూ పూర్వ విద్యార్థే. ఆ గడి తీసేసి 'చదివిన సంవత్సరాలు' అని రాయమని కోరుతున్నాను. ఇవాళ నేను బలవంతం చేస్తే వచ్చాడు. చివరి వరసలో, కిటికీ పక్కన ఉన్నాడు. తొమ్మిదో తరగతిలోనూ వాడి చోటు అదే.

అమ్మా, రా. జాగ్రత్తగా తీసుకో. ఇద్దరం కలిసి చేసింది.