వారంటీ కొనాలా, వద్దా?
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలో మన ఇండ్లకు వచ్చే పైకం సులువుగా వచ్చేది కాదు. గల్ఫ్‌లో ఎండకు మాడి కొడుకు పంపేది కొంత, సాంచాల మీద మగవారు సంపాదించేది కొంత, బీడీలు చుట్టి ఆడవారు కూడబెట్టేది కొంత. ఆ పైకంతో ఫ్రిజ్జో, బట్టల మిషనో కొనబోతే, బిల్లు రాసే గుమాస్తా “ఇంకో రెండేండ్ల వారంటీ తీసుకోండి, బేఫికర్‌గా ఉండొచ్చు” అంటాడు. భయపడి కొందరు, మొహమాటపడి కొందరు కట్టేస్తారు. కట్టే ముందు నాలుగు సంగతులు చూసుకొమ్మని మా మనవి.

మొదటిది, కంపెనీ ఉచితంగా ఇచ్చే హామీ. చాలా ఫ్రిజ్జుల కంప్రెసరుకు, బట్టల మిషన్ల మోటారుకు పదేండ్ల దాకా కంపెనీయే హామీ ఇస్తుంది. అలాంటప్పుడు మనం కొనేది మిగతా భాగాలకు, మజూరీకి మాత్రమే.

రెండవది, వర్తించని వాటి జాబితా. రబ్బరు, ప్లాస్టిక్, గాజు, నీళ్ళు చేరిన నష్టం తరచుగా అందులోనే ఉంటాయి. కరెంటు హెచ్చుతగ్గుల సంగతి కూడా అడగాలి. ఇంగ్లీషు రాకపోతే చదువుకున్న పిల్లలచేత చదివించుకోవాలి.

మూడవది, లెక్క. మాటవరసకు నాలుగు వస్తువులకు తలా 1,500 రూపాయలు కడితే 6,000 అవుతుంది. నాలుగూ ఆ రెండేండ్లలోనే చెడిపోవడం అరుదు. అదే 6,000 విడిగా దాచిపెడితే, ఏది చెడినా అందులోంచి బాగు చేయించుకోవచ్చు. ఏదీ చెడకపోతే పైకం మనదే. అయితే పెద్ద టీవీ తెర పోతే ఖర్చు కొత్త టీవీ ధరకు దగ్గరగా పోతుంది. అలాంటి దానికి, ధర సబబుగా ఉంటే, తీసుకోవడంలో తప్పు లేదు.

నాలుగవది, బాగు చేసే మనిషి. మన ఊరికి వస్తాడా, కరీంనగర్ నుంచి రావాలా, రానుపోను ఖర్చు ఎవరిది? ఈ జవాబు కాగితం మీద ఉండాలి.

ఇక ఇంటి మాట. 2021 సెప్టెంబరులో సిరిసిల్ల వీధులు నీట మునిగాయి. అలాంటి నష్టానికి వారంటీ పనికి రాదు, బీమా కావాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి ‘భారత్ గృహ రక్ష’ అనే పాలసీ అమలులో ఉన్నది. అగ్ని, పిడుగు, తుఫాను, వరద నష్టాలు అందులోకి వస్తాయి. బీమాపై ధర్మపరమైన సందేహం ఉన్నవారు ఆలిములను అడిగి నిర్ణయించుకోవచ్చు.

అపార్ట్‌మెంటులో ఇల్లు కొనేవారికి 2016 నాటి రేరా చట్టం అండ ఉన్నది. ఆ చట్టం కిందికి వచ్చే కట్టడమైతే, స్వాధీనం చేసిన నాటి నుంచి ఐదేండ్లలోపు కట్టుబడి లోపం బయటపడి, మనం తెలియజేస్తే, బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. దానికి వేరే వారంటీ కొననక్కరలేదు. కాని మేస్త్రీతో మనమే కట్టించుకునే ఇంటికి ఆ అండ లేదు. అందుకే ఒప్పందం కాగితం మీద రాసుకోవాలి, ఒక వానకాలం గడిచేదాకా చివరి పైకం కొంత ఆపి ఉంచుకోవాలి.

వారంటీ ఉండి కూడా బాగు చేయకపోతే 1915కు ఫోను చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల చట్టం ప్రకారం, సరుకు హైదరాబాదులో కొన్నా, మనం నివసించే జిల్లాకు సంబంధించిన కమిషన్‌లోనే రెండేండ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. సరుకు కొన్న ధర 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. బిల్లు మాత్రం భద్రంగా ఉండాలి. కొడుకు దూరదేశంలో ఉంటే దాని ఫోటో అతనికీ పంపండి.

సోదరులారా, మనం తట్టుకోగల నష్టానికి ఇంట్లో దాచిన పైకం చాలు. తట్టుకోలేని నష్టానికే ఇతరుల హామీ కొనాలి. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే గుమాస్తా అడిగినప్పుడు జవాబు తడుముకోనక్కరలేదు.